సీసాలో పొనగంటి, సెల్లారులో సభ

మా విజయవాడ పటమట అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గారు ఈ మధ్య ప్రకృతిలో పడ్డారు. తోటకూర, పాలకూర ఆయన లెక్కలో ఇప్పుడు మందు కొట్టిన గడ్డి. తింటే పొనగంటి తినాలి, అటికమామిడి తినాలి. అదీ ఎవరూ విత్తకుండా గట్టు మీద దానంతటది మొలిచిందై ఉండాలి. బాగానే ఉంది, ఎవరి కడుపు వాళ్లిష్టం. కాకపోతే రోజూ ఆకు ఒలిచే ఓపిక ఆ ఇంట్లో లేదు. అందుకని ఆదివారం బుట్టెడు పొనగంటి శ్రీమతి చేత వేపించి, పైన నూనె పోయించి, హార్లిక్స్ సీసాకెత్తి అలమరలో పెట్టించారు. ఫ్రిజ్‌లో పెట్టలేదేమండీ అంటే, "మా అమ్మమ్మ గోంగూరకి ఫ్రిజ్ ఉందా?" అన్నారు.

ఈ కృష్ణా, గుంటూరు వైపు గోంగూర గురించి చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా చెప్పక తప్పేలా లేదు. గోంగూర పుట్టుకతోనే పులుపు. దానికి చింతపండు, చేతికడ్డం లేకుండా ఉప్పు, నీరంతా ఇగిరేదాకా వేపు. పొనగంటికి ఆ పులుపేదీ? పులుపు చాలని కూరని, అంటే పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 దాటినదాన్ని, గాలి తగలకుండా నూనెలో ముంచి బయట ఉంచితే బొట్యులిజం, అంటే ఒంటిని చచ్చుబరిచే జబ్బు, తెచ్చే బాక్టీరియా పెరిగి విషం కక్కొచ్చు. ఆ విషానికి వాసనా ఉండక్కర్లేదు, రుచీ మారక్కర్లేదు.

సారుగారి సీసా కాస్త మర్యాదస్తురాలు, ముందే చెప్పింది. గురువారం సెల్లారులో లిఫ్టు మరమ్మతు మీద మీటింగు. అజెండా పక్కన పెట్టి సీసా తెచ్చారు. మొదటి చెంచా గౌరవం ట్రెజరర్‌కి. మూత తిప్పగానే బుస్సుమంది. పచ్చటి నురగ బొటనవేలు దాటి మినిట్స్ పుస్తకం మీదికి పాకింది. "జీవం ఉంది చూశారా! ప్రోబయోటిక్!" అన్నారు సారు. ట్రెజరర్‌కి ఆ రోజు ఉపవాసమని అప్పుడే గుర్తొచ్చింది. సెక్రటరీ మోగని ఫోను ఎత్తి మాట్లాడుతూ మెట్లెక్కేశాడు. లిఫ్టు మాట ఎవరూ ఎత్తలేదు. కుక్క వచ్చి, వాసన చూసి, వెళ్లి ఎండలో పడుకుంది.

సరే, పారేశారా? "అన్నం పారేస్తే పాపం" కదా! మర్నాడు పనావిడ చేతిలో పెట్టారు. నవ్వు ఇక్కడితో సరి. మీ కడుపుకి అనుమానం వచ్చిన కూర ఆవిడ పిల్లల కడుపుకి ఎలా సరిపోతుందండీ? కుక్క వద్దన్నది మనిషికి పెట్టి పుణ్యం రాసుకుంటారా? ఆస్పత్రి పాలైతే ఆ బిల్లు కడతారా, ఆ పూట జీతం కోస్తారా? పొనగంటి ఆవిడకి మీరు నేర్పేదేంటి? పుట్టింటి చేలగట్ల మీద కోసుకొచ్చి, ఆ పూటే వండి, ఆ పూటే తిని పెరిగిన మనిషి. వీధి మలుపు తిరగ్గానే సీసా కాలవలో ఒంపేసింది.

ఆకు మరీ ఎక్కువైతే మరిగే నీళ్లలో 2 నిమిషాలు ముంచి తీసి, చల్లార్చి, నీళ్లు పిండేసి ఫ్రీజర్‌లో పెట్టండి. వండింది మిగిలితే 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి, 3, 4 రోజుల్లో కడుపులోకి. అబ్బే, అలమరే కావాలంటారా? అయితే సీసా మీద తేదీతో పాటు తినాల్సిన వాళ్ల పేరూ రాయండి. పనావిడ పేరు కాదు, మీ పేరు.