సవరణ: చిన్న సూపర్‌మార్కెట్ల ధరల గురించి

సరుకులు ఎక్కడ కొనాలన్న పోస్టులో, ఒక ప్రాంతానికే పరిమితమైన సూపర్‌మార్కెట్లు తక్కువ సరుకు కొంటాయి కాబట్టి వాటిలో ధరలు ఎప్పుడూ ఎక్కువే అని రాశాను. అది తప్పు. రిటైల్ వ్యాపార చరిత్ర చదివితే తెలిసింది, ఇలాంటివి చాలానే కలిసికట్టుగా ఒకే సంఘం ద్వారా సరుకు తెప్పించుకుంటాయట, టోకు బేరం అక్కడే కుదురుతుంది. 1932లో నెదర్లాండ్స్‌లో మొదలైన స్పార్ అనే సూపర్‌మార్కెట్ల గొలుసు అలా పుట్టిందే, షాపు బోర్డు మీద పేరు ఒకటే, ఓనర్లు వేరు (నేనేమో అంతా ఒకే కంపెనీ అనుకున్నా!).

ఇంకోటి, పెద్ద ప్యాకెట్టే చవకని నేనన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నేనన్నది అది కాదు. చాలాచోట్ల సరుకు పెట్టే అరకి అంటించిన చీటీ మీద, ధర కింద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంతో ఉంటుంది, అది పోల్చి చూడమన్నాను.