ఏడు సీట్లు ఎందుకు మిగిలాయి?

అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం ముగిసింది. పులిహోర ట్రేల మూతలు తీస్తుండగా విద్యా కమిటీ స్లైడు తెర మీదికొచ్చింది. మన ఊళ్ళల్లో డిగ్రీ చదివే సైన్స్ పిల్లలకి కిందటేడు వేసవి పరిశోధన స్కాలర్‌షిప్పులు పది పెట్టాం, ముగ్గురే తీసుకున్నారు, ఏడు మిగిలాయి అని లెక్క చెప్పారు. అంతటితో ఆగితే బావుండేది. "ఏం చేస్తామండీ, అవకాశం తెచ్చి చేతిలో పెట్టినా వీళ్ళకి ఆసక్తి ఉండదు" అన్న మాట కూడా మైకులోంచే వచ్చింది. హాల్లో నవ్వారు. అట్టతో చేసిన ఆరడుగుల చెక్కు గోడకి చేరగిలబడి ఉంది.

ఆసక్తి సంగతి తర్వాత. ముందు తేదీలు చూద్దాం. మన ప్రకటన వాట్సాప్‌లో తిరిగింది ఫిబ్రవరిలో. అందులో షరతు: ల్యాబ్‌లో చోటు పిల్లలే సంపాదించుకోవాలి, ఖర్చు మనం భరిస్తాం. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌కి గడువు అంతకు ముందు నవంబర్‌లోనే ముగిసిపోయింది. ఐఐటీలు, ఇతర పరిశోధన సంస్థల సొంత ప్రకటనలు సాధారణంగా జనవరి, మార్చి మధ్య వస్తాయి. అంటే పెద్ద బస్సు వెళ్ళిపోయాక, మిగిలినవి కదులుతుండగా టికెట్ డబ్బులు ఇస్తామన్నాం.

దరఖాస్తులో పిల్లలు ఎక్కువగా బోర్లా పడేది, ఈ పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసే ఆ ఒక్క పేజీ వ్యాసం దగ్గర. "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం, అబ్దుల్ కలాం గారు నాకు స్ఫూర్తి" అని మొదలయ్యేవి కుప్పలు కుప్పలుగా ఉంటాయి. చదివే ప్రొఫెసర్‌కి కావలసింది అది కాదు. ఈ పిల్ల చేత్తో ఏం చేసింది, చేసినప్పుడు ఏం గమనించింది, అంతే. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఏ డిగ్రీ కాలేజీలోనైనా నీటి కాఠిన్యం ప్రయోగం ఉంటుంది. ఊరి బోరు నీళ్ళు 50 మిల్లీలీటర్లు తీసుకుని, పీహెచ్ (ఆమ్ల, క్షార కొలత) 10 దగ్గర నిలబెట్టే అమ్మోనియా బఫర్ ద్రావణం కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక చిటికెడు వేసి, 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణాన్ని రంగు మారేదాకా కొలిచి చుక్కచుక్కగా పోస్తారు, అదే టైట్రేషన్. ద్రాక్ష ఎరుపు నీలానికి తిరగాలి. ఈడీటీఏ 20 మిల్లీలీటర్లు పట్టిందంటే లీటరుకి 400 మిల్లీగ్రాముల కాఠిన్యం. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ కోరుకునే హద్దు 200, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా సరే అంటుంది.

ఇంతవరకు రికార్డు పుస్తకంలో అందరూ రాస్తారు. ఒకోసారి ఆ రంగు ఠక్కున తిరగదు, ఊదాగా సాగుతూ ఉంటుంది. ఒక్కో చుక్కా పోస్తూ ఎక్కడ ఆపాలో తెలీక పక్కవాడి రీడింగు ఎక్కించేస్తారు. బఫర్ సీసా మూత వదులుగా ఉండి అమ్మోనియా ఎగిరిపోతే పీహెచ్ పడిపోతుంది, అప్పుడు రంగు మార్పు తేలదు. కొత్త బఫర్ కలిపి మళ్ళీ చేసి, రెండు రీడింగులూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో నాలుగు వాక్యాల్లో రాసిన విద్యార్థికి చోటు దొరకడానికి వంద ఆదర్శ వాక్యాలకంటే ఎక్కువ అవకాశం ఉంది. కానీ ఇది రాయొచ్చని ఆ పిల్లలకి చెప్పే మనిషి లేడు. మన సంఘంలో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ప్రతి టేబుల్‌కీ ఒకరుంటారు.

సిఫారసు ఉత్తరం ఇంకో గండం. పాఠం చెప్పింది గెస్ట్ లెక్చరర్, సంతకం పెట్టేది ప్రిన్సిపాల్. ఉత్తరంలో "క్రమశిక్షణ గల విద్యార్థిని, సత్ప్రవర్తన కలది" అని ఉంటుంది, కాండక్ట్ సర్టిఫికెట్‌లా. చాలా చోట్ల సిఫారసు పంపే లింకు నేరుగా లెక్చరర్ మెయిల్‌కి వెళ్తుంది, స్పామ్‌లో పడుతుంది, గడువు రాత్రి పిల్లలు ఫోన్లు చేస్తే ఆయన పెళ్ళిలో ఉంటాడు. దీనికి మందు చాలా చిన్నది. గడువుకి పదిహేను రోజుల ముందే మెయిల్ అడ్రస్ సరిచూసుకుని, ఏ ప్రయోగం చేసిందో, ఎన్ని మార్కులొచ్చాయో, ఏ ప్రశ్న అడిగిందో అర పేజీ రాసి లెక్చరర్ చేతికివ్వాలి. మంచి ఉత్తరాలు అలాంటి అర పేజీల్లోంచే పుడతాయి.

చోటు వచ్చాక కూడా పోతుంది. ల్యాబ్ మే నెలలో రమ్మంటుంది, యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షలు జరిగి జరిగి జూన్‌లో పడతాయి. ఆలస్యంగా చేరతానని మార్చిలోనే గైడ్‌కి రాస్తే సర్దుబాటు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందురోజు రాస్తే ఎవరూ చేయరు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో నాలుగో సెమిస్టర్ తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆ రెండు నెలలే ల్యాబ్‌లో గడుపుతానని కాలేజీ నుంచి ముందే రాతపూర్వకంగా ఒప్పించుకుని లాగ్‌బుక్ రాస్తే ఒకే వేసవి రెండింటికీ సరిపోతుంది. ఒప్పించుకోకపోతే తిరిగొచ్చాక ఇంకో రెండు నెలలు ఎక్కడో చేయాలి.

ఇక డబ్బు. స్టైపెండ్ చాలా చోట్ల నెల పూర్తయ్యాకే వస్తుంది, రైలు ఛార్జీ టికెట్ చూపించాక వస్తుంది. హాస్టల్ అడ్వాన్సు, మెస్ అడ్వాన్సు, బకెట్టు, దుప్పటి మాత్రం మొదటి రోజే. మేలో ఉపాధి హామీ పనికెళ్ళే ఇంట్లో ఆ పిల్ల కూలి కూడా ఆగుతుంది. మన చెక్కు జులైలో, సర్టిఫికెట్ స్కాన్ పంపాక. ఇక్కడే నవ్వులు ఆగిపోవాలి.

వెళ్ళిన ముగ్గురికీ మొదటి వారం గడ్డుగానే గడుస్తుంది, ఎవరికైనా అంతే. అతి చిన్న కొలతల్లో ద్రవం పీల్చి వదిలే మైక్రోపిపెట్‌ని ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళు బొడిపెను రెండో ఆపుదల దాకా నొక్కి ద్రవం పీలుస్తారు, కొలత ఎక్కువొస్తుంది. పీల్చడానికి మొదటి ఆపుదల, వదలడానికే రెండోది. తెలీదని అడగరు, ఎందుకంటే సార్ ముందు నోరెత్తకూడదని నేర్పింది మనమే. ఆ అలవాటు మీద నాకు కోపమూ ఉంది, జాలి కూడా ఉంది. రాత్రి తొమ్మిదింటి దాకా కిమ్మనకుండా జెల్ ప్రయోగం ముందు కూర్చోబెట్టేది కూడా ఆ అలవాటే. వాళ్ళకి కావలసింది అదే ల్యాబ్‌లో తెలుగు తెలిసిన ఓ పీహెచ్‌డీ విద్యార్థి ఫోన్ నంబరు. ఆడపిల్ల తండ్రికైతే బ్రోషర్ కంటే కిందటేడు వెళ్ళొచ్చిన అమ్మాయి మాట ఎక్కువ పనిచేస్తుంది.

అమెరికాకే రప్పిద్దాం అని సభలో ఒకాయన అన్నారు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) 1987 నుంచి నడుపుతున్న ఆర్ఈయూ అనే డిగ్రీ విద్యార్థుల పరిశోధన పథకంలో స్టైపెండు, వసతి, ప్రయాణం, తోడుగా ఓ పది మంది బృందం ఉంటాయి. ఎనిమిది, పది వారాలు. పరిశోధన సౌకర్యాలు లేని కాలేజీల వాళ్ళని తీసుకోవడం ఆ పథకం ఉద్దేశాల్లోనే ఉంది. కానీ అది పౌరులకి, గ్రీన్ కార్డు వాళ్ళకి మాత్రమే. మన ఇళ్ళల్లో తల్లిదండ్రుల ఉద్యోగ వీసాని బట్టి వచ్చే హెచ్4 మీదున్న పిల్లలకే దక్కదు, కర్నూలు నుంచి వచ్చే పిల్లకెలా దక్కుతుంది? విజిటర్ వీసా మీద ల్యాబ్‌లో పనిచేయించడం కుదరదు, జే1 (మార్పిడి కార్యక్రమాల వీసా) అంటే యూనివర్సిటీ డీఎస్-2019 అనే అర్హత పత్రం ఇవ్వాలి. అదే మన దగ్గరి పరిశోధన సంస్థలు, తిరుపతి ఐసర్‌కో హైదరాబాద్ సీసీఎంబీకో అయితే ఓ రైలు చాలు.

విరాళమిచ్చినవాళ్ళది తప్పని అనడం లేదు. భారతదేశంలోని కాలేజీకి సంఘం ఖాతా నుంచి డబ్బు పంపాలంటే సాధారణంగా ఆ కాలేజీకి విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలని తెలిసీ ఆ కాగితాల చాకిరీ చేసిన కోశాధికారికి దండం పెట్టాలి.

ఆ ఏడు సీట్ల డబ్బు ఇంకా మన ఖాతాలోనే ఉంది. విద్యా కమిటీ సమావేశం ఈసారి ఆగస్టులో పెట్టండి. దసరా ముందూ వెనకా నాలుగు శనివారాలు, వాళ్ళకి సాయంత్రం మనకి ఉదయం, ఆ ఒక్క పేజీ చదివి దిద్దడానికి పన్నెండు మంది పేర్లివ్వండి. అడ్వాన్సు ఏప్రిల్ చివరికల్లా ఖాతాలో పడాలి. ఆ ఖాతా కేవైసీ లేక స్తంభించి ఉందేమో మార్చిలోనే ఒక రూపాయి వేసి చూసుకోవాలి. అట్ట చెక్కు మీద తేదీ చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు.