సవరణ: హొనొలులు నుంచి కహులుయికి 100 కిలోమీటర్లు కాదు

హవాయిలో ఓహూ దీవి మీదున్న హొనొలులు ఎయిర్‌పోర్ట్ నుంచి మౌయి దీవిలోని కహులుయికి "100 కిలోమీటర్లు, ఇరవై నిమిషాల్లో దిగిపోతారు" అని ముందు పోస్టులో రాశాను. రెండూ తప్పే, దాన్ని నమ్మి ప్లాన్ వేసుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి.

ఆ 100 అనేది మైళ్లలో లెక్క. కిలోమీటర్లలో దాదాపు 161. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో అదే దూరం 87 అవుతుంది, ఎందుకంటే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. అంకె ఒక్కటే చూసి యూనిట్ చూడకపోవడం నా పొరపాటు.

ఇక టైమ్. గాల్లో ఉండేది ఇరవై నిమిషాల పైచిలుకే, కానీ టికెట్ మీద దాదాపు 40 నిమిషాలు ఉంటుంది, అది గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటు చేరేదాకా లెక్క, విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లడం, ఎగరడానికి వంతు కోసం ఆగడం అన్నీ అందులోనే. పైగా ఇంత చిన్న ప్రయాణంలో విమానం పైకి ఎక్కీ ఎక్కగానే దిగడం మొదలుపెడుతుంది, పూర్తి వేగంతో పోయేది కాసేపే. అందుకే దూరాన్ని జెట్ వేగంతో భాగిస్తే వచ్చే పన్నెండు నిమిషాలు నిజంలో ఎప్పుడూ కుదరవు. హవాయిలోనే పెద్ద దీవి మీదున్న హిలో ఊరు చూడండి, హొనొలులు నుంచి దాదాపు 348 కిలోమీటర్లు, అంటే దూరం రెట్టింపు పైనే, టైమ్ మాత్రం ఓ పది నిమిషాలే ఎక్కువ.

కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్నవాళ్లు టికెట్ మీది టైమ్‌నే పట్టుకోండి.