యురేకా హోటల్ గారికి ఒక టిఫిన్ ప్రియుడి లేఖ

శ్రీ యురేకా హోటల్ గారికి,
బల్లారట్ బంగారు గనులు, విక్టోరియా కాలనీ, ఆస్ట్రేలియా.

అయ్యా,

మీరు కాలి బూడిదై 170 ఏళ్లు దాటింది. అయినా రాయక తప్పడం లేదు. మీ వంశం మెల్‌బోర్న్‌లో ఇంకా వీధికొకటి ఉంది మరి.

ఈ దేశం వచ్చిన మొదటి వారం, ఆకలేసి, 'హోటల్' అన్న బోర్డు చూసి లోపలికెళ్లాను. ఇడ్లీ లేకపోయినా బ్రెడ్డు ముక్కైనా పెట్టకపోతారా అనుకున్నా. కౌంటర్లో ఆయన "ఏ బీరు?" అనడిగాడు. వంటగది ఆరింటికి తెరుస్తారట. మా వైపు హోటలంటే సాంబారు బకెట్టు, బిల్లు కట్టేచోట సోంపు. పడుకోవాలంటే లాడ్జికి పోతాం, తాగాలంటే ఇంట్లో చెప్పకుండా పోతాం. మీరేమో అన్నీ కలిపేశారు. మందు లైసెన్సు కావాలంటే పడకగదులు కూడా చూపించాలని పాతకాలం చట్టమట. అలా మందుకొట్టుకి హోటలని పేరొచ్చింది.

యురేకా అంటే 'దొరికింది' అని కదా అర్థం. 1854 అక్టోబర్ 7 తెల్లవారుజామున, మూసేసిన మీ తలుపు తట్టి మందడిగిన జేమ్స్ స్కోబీ అనే గని మనిషికి దొరికింది చావు. మీ యజమాని బెంట్లీ తప్పేమీ లేదని మేజిస్ట్రేటు తేల్చేశాడు. ఆయనకీ బెంట్లీకీ డబ్బు లావాదేవీలున్నాయని తర్వాత బయటపడి, ఉద్యోగం ఊడింది. అప్పటిదాకా జనం ఆగుతారా? అక్టోబర్ 17న వేలమంది వచ్చి మిమ్మల్ని తగలబెట్టారు. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లన్నట్టు, బెంట్లీతో కూడిన పాపానికి మీకు చితి. బెంట్లీకి ఆనక మూడేళ్ల కఠిన శిక్ష పడిందనుకోండి.

దాంతో మీరు చరిత్రకెక్కారు. నా కడుపుమంట అక్కడే. మీ పక్కన కొలిమి పెట్టుకున్న కమ్మరి సంగతేమిటి?

పోయిన ఏడాది పిల్లల్ని బల్లారట్‌లోని సావరిన్ హిల్‌కి తీసుకెళ్లాను. ఆనాటి ఊరిని మళ్లీ కట్టి పెట్టారక్కడ. కొలిమి ముందు మావాడు కదలనంటే కదలనన్నాడు. కడ్డీ ఎర్రబడి, నారింజరంగు దాటి, పసుపులోకి తిరుగుతుండగా పట్టకారుతో లాగి దాగలి మీద పెట్టాడు కమ్మరి. నాలుగు దెబ్బలకే ఎరుపు చల్లారి నల్లబడింది. మళ్లీ కొలిమిలోకి. పలుగు మొన మొద్దుబారితే గనిలో పని అంతటితో ఆగినట్టే. ఆ మొన సాగదీసి నీళ్లలో ముంచితేనే మర్నాటి కూడు. మా తాత రోజుల్లో ఊరి కమ్మరికి కళ్లంలోనే మేర కొలిచేవారు. బల్లారట్‌లో కళ్లమెక్కడిది! నేల అడుగున ఏముందో తెలియని పంట అది.

పైగా బంగారం తవ్వుకునే లైసెన్సు నెలకు ఒక పౌండు, బంగారం దొరికినా దొరక్కపోయినా. ఆ మంటే చివరికి సర్కారు మీద యురేకా తిరుగుబాటయింది. డిసెంబర్ 3 ఆదివారం తెల్లవారకముందే సిపాయిలు తుపాకులతో దిగారు. ఇటు బంగారం తవ్వేవాళ్లలో చాలామందికి బల్లేలే గతి. వాటిని కాచి కొట్టినవాడు ఒక జర్మన్ కమ్మరి. పావుగంటలో అంతా అయిపోయింది. తవ్వేవాళ్లలో ఇరవైమందికి పైగా పోయారు. మరుసటి ఏడాది నెలవారీ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌండు చీటీ వచ్చింది.

చివరిగా ఒక చిన్న విషయం. మీరు మండుతున్నప్పుడు బెంట్లీ మిమ్మల్ని వదిలేసి గుర్రమెక్కి సర్కారు క్యాంపుకి పారిపోయాడు. దారిలో ఒక్క లాడం ఊడినా జనం చేతికి చిక్కేవాడే. ఊడలేదు. గట్టి పని. ఆ లాడాల డబ్బు కమ్మరికి ముట్టిందా, లేక ఖాతాలో రాయించాడా? పద్దుల పుస్తకం మీతోపాటే కాలిపోయిందని మాత్రం అనకండి, మా వీధి కిరాణాకొట్టు దగ్గర నేనూ ఆ మాట వాడి చూశాను.

ఇట్లు,
ఇంకా ఇడ్లీ కోసం వెతుకుతున్న
ఒక తెలుగువాడు