సర్టిఫికెట్లు చేతికివ్వండి, ఒక్క ఏడాది టైమ్ ఇవ్వండి

మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఏడాది దాటినా ఉద్యోగం దొరకని పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలో చాలామందే కనిపిస్తున్నారు. పొద్దున లేవగానే ఫోన్లో నౌక్రీ, లింక్డ్‌ఇన్ తిరగేస్తారు, ఎక్కడ చూసినా రెండేళ్ల అనుభవం కావాలనే ఉంటుంది. ఈలోగా ఎవరో చుట్టాలొచ్చి "ఏం చేస్తున్నావు బాబూ ఇప్పుడు" అంటే ఏం చెప్పాలో తెలియక లోపలి గదిలోకి వెళ్లిపోతారు. ఈ బ్రాంచితో లాభం లేదు, అమీర్‌పేట వెళ్లి జావానో డేటా సైన్సో నేర్చుకుందాం అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. మారడం తప్పని మేము అనం. భయపడి మారాల్సి రావడమే మాకు బాధగా ఉంది.

ఆ పిల్లవాడు వెళ్లాలనుకుంటున్న చోటు ఎలా ఉందో కూడా చూడాలి. 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది, ఇన్ఫోసిస్‌లో 25,994 తగ్గింది, విప్రోలోనూ 24 వేలకు పైగా తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ మరో 12 వేల మందిని తీసేస్తామని చెప్పింది. మరోపక్క ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని ఇంజనీరింగ్ కాలేజీలను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది, మన కాలేజీలు మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటూ పోయాయి. నాలుగేళ్లూ కోడింగే చదివినవాళ్లు ఖాళీగా ఉంటే, మూడు నెలల కోర్సు చేసి వెళ్లే పిల్లవాడికి ఎంత కష్టమో తల్లిదండ్రులకు ఫీజు కట్టించుకునే ముందే ఎవరైనా చెప్పాలి కదా!

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నిజాయితీగా పాఠం చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుని బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. మా భయమంతా బ్యాక్‌డోర్ ఉద్యోగమంటూ, అంటే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామంటూ లక్షలు అడిగేవాళ్ల గురించి, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తామనేవాళ్ల గురించి. కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ రికార్డు కూడా చూస్తున్నాయి. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బూ పోతుంది. దయచేసి ఆ దారిలో వెళ్లొద్దు.

అసలు ఫ్యాక్టరీలో ఒక్క నెల కూడా పనిచేయకుండా, ఈ పని నాకు పడదని పిల్లవాడు ఎలా తేల్చుకుంటాడు? స్టైపెండ్ తీసుకుంటూ సంస్థలో పని నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం 1961లో తెచ్చిన చట్టం ఇందుకోసమే ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలని 2019లో పెట్టారు. శ్రీసిటీలోనో పటాన్‌చెరులోనో గది అద్దెకి, తిండికి అది ఏ మూలకు సరిపోతుంది? రాష్ట్ర ప్రభుత్వాలు దాని మీద కొంత కలపాలి. ఏడాది అక్కడ పనిచేశాక క్యాటియా, ఆన్సిస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ల వైపు వెళ్లాలో, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే పీఎల్‌సీ నేర్చుకోవాలో, ఎంటెక్ కోసం గేట్ రాయాలో, పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కే మారాలో ఆ పిల్లవాడికే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు ఆ ఏడాది మాత్రం అడ్డుపడకుండా ఉండాలి, పెద్దనాన్న కొడుకు ప్యాకేజీ గురించి మాట్లాడకుండా ఉండాలి.

కానీ అప్రెంటిస్‌గా చేరాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా సర్టిఫికెట్లు కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని కొన్ని కాలేజీలు ఒరిజినల్స్ ఆపేస్తున్నాయి, ఫీజు మొత్తం మీరే కట్టి తీసుకెళ్లండి అంటున్నాయి. కూలికి వెళ్లే ఇంట్లో అంత డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది? కాలేజీలకూ జీతాల ఇబ్బంది ఉంది, అది మాకు తెలుసు. అయినా ప్రభుత్వం పడిన బాకీకి పిల్లవాడి మార్కుల మెమో తాకట్టు పెట్టుకోవడం అన్యాయం, ఒరిజినల్స్ ఆపకూడదని ఏఐసీటీఈ నిబంధన కూడా ఉంది. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని సర్టిఫికెట్ కోసం కాలేజీ గేటు దగ్గర నిలబడే పరిస్థితి ఏ పిల్లవాడికీ రాకూడదు.

వచ్చే ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా ఈ బకాయిలు తేల్చాలని, ఆపి ఉంచిన సర్టిఫికెట్లన్నీ పిల్లల చేతికి ఇప్పించాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం.