దెస్మోస్ అంటే దెయ్యపు బంధకం కాదు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బైబిల్ కొత్త నిబంధనలో సంకెళ్లకు వాడిన గ్రీకు మాట "దెస్మోస్"కి అసలు అర్థం సాతాను వేసే ఆత్మీయ బంధకమట, "దెస్మోయ్" అనే పుంలింగ బహువచనం ఆత్మీయమైనదానికి, "దెస్మా" అనే నపుంసక బహువచనం ఇనుముకట, గెరాసేనుల దేశంలో దెయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగిన మనిషికి వేసినవి కూడా నిజం సంకెళ్లు కావట. నడుము వంగిపోయిన మా పిన్ని ఇది చదివి, తనకు దెయ్యం పట్టిందేమోనని రాత్రంతా ఏడ్చింది.

దెస్మోస్ "దెఓ" అనే క్రియకు సంబంధించిన మాట. దెఓ అంటే కట్టడం, అంతే. మార్కు 11లో వీధిలో వాకిటి దగ్గర కట్టేసిన గాడిద పిల్లకు వాడింది ఇదే క్రియ, 5:4లో ఆ మనిషిని కట్టారనడానికి వాడిందీ ఇదే. ఎవరు కట్టారో, దేంతో కట్టారో వాక్యం చెప్పాలి, మాట ఒక్కటే చెప్పదు.

ఇక వ్యాకరణం. ఫిలిప్పీ జైల్లో భూకంపానికి ఖైదీల బంధకాలు ఊడిపోయిన చోట (అపొస్తలుల కార్యములు 16:26) దెస్మా ఉంది, సరే. కానీ ఫిలిప్పీయులకు 1:13లో పౌలు తన ఖైదు గురించి రాస్తూ పుంలింగ రూపం వాడాడు, అవి కావలి సైనికులందరికీ తెలిసిన బంధకాలు! పైగా షష్ఠి "దెస్మోన్", చతుర్థి "దెస్మోయ్స్" రెండు లింగాలకూ ఒక్కటే, లింగమే తేలని చోట దాన్నుంచి అర్థం ఎలా తీస్తారు? అన్నిటికంటే, సమాధుల్లో తిరిగిన మనిషి తెంచుకున్నవాటికి లూకా 8:29లో వాడింది దెస్మా. అంటే మెసేజ్‌లోని రూల్ ప్రకారమే అవి ఇనుపవి.

నిజానికి ఆ కథలో చూడాల్సిన మాట "పెదే". కొత్త నిబంధన మొత్తంలో ఈ కథలోనే వస్తుంది, మార్కులో రెండుసార్లు, లూకాలో ఒకసారి. స్త్రీలింగం, అర్థం కాలి సంకెల. గ్రీకులో పాదాన్ని "పూస్" అంటారు, షష్ఠిలో "పొదోస్", పెదే దానికి చుట్టమే, సంస్కృతం నుంచి మనకొచ్చిన పాదమూ ఆ మూలానిదే. పక్కనే ఉన్న "హలూసిస్" గొలుసు, జైల్లో పేతురు చేతుల నుంచి ఊడిపడింది అదే. మార్కు రెంటికీ వేర్వేరు క్రియలు వాడాడు, ఆ మనిషి గొలుసుల్ని తెంపేశాడు, కాలి సంకెళ్లను ముక్కలు చేశాడు. ఈ రెండో క్రియే 14:3లో ఒక స్త్రీ అత్తరుబుడ్డి పగలగొట్టిన చోట వస్తుంది. ఇంత వివరంగా చెప్పినదాన్ని నిజం సంకెళ్లు కావని ఎలా అంటారు?

మరి నడుము వంగిపోయిన ఒక స్త్రీని యేసు బాగుచేసిన లూకా 13:16? అక్కడ ఆమెను సాతాను బంధించాడని వాక్యమే చెబుతోంది, ఆ అర్థం దెస్మోస్‌లోంచి రాలేదు. పై వచనంలో యేసు, విశ్రాంతి దినాన మీ ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకెళ్లరా అని అడిగి, అదే విప్పడమనే క్రియతో ఈమె కట్టు విప్పకూడదా అంటాడు. పశువును కట్టే తాడు కళ్లముందు ఉంటేనే ఆ పోలిక అందుతుంది. 18 ఏళ్లు నడుము వంగిపోయి ఉన్న ఆమెను ఆయన అబ్రాహాము కుమార్తె అన్నాడు. పిన్నికి ఈ వచనాలు చదివి వినిపిస్తే, ఆ మాట దగ్గర ఆపి మళ్లీ చదవమంది.