విదేశాలకు పంపింది సంస్థ. పింఛనుకు పూచీ ఎవరిది?

ఉద్యోగిని మరో దేశానికి పంపాలన్న నిర్ణయం సాధారణంగా సంస్థది. ఏ దేశానికి, ఎన్నేళ్లకు, ఏ అనుబంధ సంస్థ పేరు మీద పంపాలో, జీతం ఏ దేశపు పేరోల్ నుంచి ఇవ్వాలో తేల్చేదీ సంస్థే. వీటిలో ప్రతి నిర్ణయమూ ఆ ఉద్యోగి పింఛను లెక్కను మారుస్తుంది. అయినా ఆ మార్పు వల్ల ఎంత నష్టం వస్తుందో చూసుకోవలసిన భారం మాత్రం చాలా సందర్భాల్లో ఉద్యోగి మీదే పడుతోంది. వీసా, విమాన టికెట్లు, ఇంటి అద్దె, పిల్లల చదువు ఖర్చుల వరకు పోస్టింగ్ ఉత్తర్వులో వివరంగా రాసే యాజమాన్యాలు పదవీ విరమణ చందాల దగ్గరకు వచ్చేసరికి ‘వర్తించే చట్టాల ప్రకారం’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేలకముందే ఉద్యోగి విమానం ఎక్కేస్తే, ఆ మాట వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. తన అవసరం కోసం పంపిన ఉద్యోగి పింఛను చందాలకు గండి పడకుండా చూడడం, పడితే పూడ్చడం సంస్థ బాధ్యతే.

సామాజిక భద్రతా చట్టాలు చాలావరకు ఒక సూత్రం మీద నడుస్తాయి: పని ఎక్కడ జరిగితే చందా అక్కడ కట్టాలి. స్వదేశపు చట్టం కూడా ఉద్యోగిని వదలకపోతే ఒకే జీతం మీద రెండు దేశాలకు చందా కట్టాల్సి వస్తుంది. దీన్ని తప్పించడానికే దేశాల మధ్య ఒప్పందాలు పుట్టాయి. 2010 మే 1 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య 883/2004 నియమావళి ప్రకారం, 24 నెలలకు మించని పని మీద మరో సభ్యదేశానికి వెళ్లిన ఉద్యోగి స్వదేశపు వ్యవస్థలోనే కొనసాగవచ్చు. అందుకు ఆధారం ఏ1 అనే ధ్రువపత్రం. అమెరికా 1978లో ఇటలీతో మొదలుపెట్టి ముప్పై దాకా దేశాలతో ఇలాంటి ఒప్పందాలు చేసుకుంది. వాటిలో గడువు మామూలుగా ఐదేళ్లు. భారతదేశానికి సంబంధించి మొదట, 2009లో, అమల్లోకి వచ్చినది బెల్జియంతో చేసుకున్న ఒప్పందం. ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటివి చేరాయి. ఇలాంటి ధ్రువపత్రం కోసం దరఖాస్తులో యజమాని భాగం లేకుండా పని జరగదు. కాబట్టి ఉద్యోగి బయలుదేరే నాటికి అది చేతిలో లేకపోతే ఆ లోపం సంస్థదే అవుతుంది.

అయితే ధ్రువపత్రం రాగానే అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. ఒప్పందాలన్నీ ఒక రకానివి కావు. కొన్ని రెండుసార్లు చందా కట్టే అవసరాన్ని మాత్రమే తొలగిస్తాయి. మరికొన్ని ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు దేశాల్లో పనిచేసిన కాలాన్ని కలిపి అర్హతను లెక్కిస్తాయి. ఆపైన ఒక్కో దేశం తన వాటా మేరకు పింఛను ఇస్తుంది. బ్రిటన్ జపాన్‌తోనూ దక్షిణ కొరియాతోనూ చేసుకున్నవి మొదటి రకానివి. ఆతిథ్య దేశంలో గడువు దాటాక, అక్కడి చందాలు మొదలైన ఉద్యోగికి ఈ తేడా ప్రాణప్రదమైనది. జర్మనీలో వృద్ధాప్య పింఛనుకు కనీసం 5 ఏళ్ల చందా కావాలి. బ్రిటన్‌లోనూ జపాన్‌లోనూ 10 ఏళ్లు కావాలి. కాలాన్ని కలిపే ఒప్పందం లేని చోట నాలుగేళ్లు చందా కట్టి తిరిగివచ్చినవారికి ఆ నాలుగేళ్లు పింఛనుగా మారవు. గడువు పొడిగించాలా, అక్కడి స్థానిక ఉద్యోగ ఒప్పందానికి మార్చాలా అని సంస్థ నిర్ణయించే రోజున ఈ లెక్క ఉద్యోగి ముందు పెట్టడం చాలా అరుదు.

అన్నిటికంటే లోతుగా చూడవలసిన విషయం చందాను ఏ జీతం మీద లెక్కిస్తున్నారన్నది. విదేశీ పోస్టింగ్‌లో చేతికి వచ్చే మొత్తం పెరుగుతుంది. కానీ పెరిగిన భాగంలో ఎక్కువ జీవనవ్యయ భత్యంగా, ఇంటి అద్దె భత్యంగా, కష్టతర ప్రాంత భత్యంగా వస్తుంది. పింఛను నిధి నిబంధనల్లో ఇవి సాధారణంగా జీతంగా లెక్కకు రావు. స్వదేశంలో ఆ ఉద్యోగికి ఇంత జీతం ఉండేదని కాగితం మీద ఒక అంకె అనుకొని, దాని మీద చందా కడతారు. ఆ పద్ధతిలో తప్పు లేదు. కానీ ఆ అంకెను ఏటా సవరిస్తున్నారా, పదోన్నతి వచ్చినప్పుడు పెంచుతున్నారా అన్న ప్రశ్నలకు ఉత్తర్వులో జవాబు ఉండదు. వెళ్లిన ఏడాది జీతాన్నే ఐదేళ్లు అలాగే ఉంచితే, కాగితం మీద చందా ఒక్క నెల కూడా ఆగినట్టు కనిపించదు. పింఛను మాత్రం తగ్గిపోతుంది. చివరి జీతాన్ని బట్టి పింఛను ఇచ్చే పథకాల్లో, పోస్టింగ్ ఉద్యోగ జీవితపు చివరి దశలో పడితే ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. గల్ఫ్ దేశాల్లోనూ ఇదే సూత్రం మరో రూపంలో పనిచేస్తుంది. యూఏఈలో విదేశీ ఉద్యోగులకు ప్రభుత్వ పింఛను పథకం వర్తించదు. ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఆ లెక్క మూల వేతనం మీదే జరుగుతుంది. మొత్తం జీతంలో మూల వేతనాన్ని ఎంత తక్కువగా చూపితే గ్రాట్యుటీ అంత తక్కువ. ఆ విభజన చేసేది యజమాని.

ఈ నష్టం ఎందుకు కనిపించదో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. ముప్పై ఐదేళ్ల వయసులో నిధిలో పడవలసిన 100 పడకపోతే, ఏటా 7 శాతం రాబడి అనుకుంటే, అరవయ్యో ఏట తక్కువయ్యేది 100 కాదు, దాదాపు 540. సంస్థకు మిగిలింది ఆ రోజున వంద. ఉద్యోగికి నష్టం తెలిసేది పాతికేళ్ల తర్వాత. అప్పటికి ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారి ఉండడు, కొన్నిసార్లు ఆ సంస్థే ఉండదు. లాభం ఒకరికి వెంటనే, నష్టం మరొకరికి ఒక తరం తర్వాత వచ్చే ఇలాంటి ఏర్పాటును ఇరుపక్షాల మంచితనానికి వదిలేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

యజమాని ఎవరన్న ప్రశ్ననే మార్చేసి బాధ్యత తప్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇరాక్ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వానికి పెద్ద కాంట్రాక్టరుగా ఉన్న కేబీఆర్ సంస్థ, అక్కడ పనిచేస్తున్న వేలమంది అమెరికన్లను కేమన్ దీవుల్లో నమోదైన అనుబంధ సంస్థల ఉద్యోగులుగా చూపుతోందని 2008 మార్చిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. యజమాని అమెరికన్ సంస్థ కాదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) చందాలు కట్టనక్కర లేదన్నది ఆ ఏర్పాటు సారాంశం. పని అమెరికా ప్రభుత్వానిది, ఆజ్ఞలు మాతృసంస్థవి, యజమాని పేరు మాత్రం దీవుల్లోది. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ చట్టం తెచ్చి, ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే ఇలాంటి విదేశీ అనుబంధ సంస్థలను ఈ చందాల విషయంలో అమెరికన్ యజమానులుగానే పరిగణించేలా దారి మూసింది. గమనించవలసింది ఏమిటంటే, సక్రమమైన మార్గం అంతకుముందు నుంచే ఉంది. విదేశీ అనుబంధ సంస్థలో పనిచేసే అమెరికన్ పౌరులకు, అమెరికా నివాసులకు సోషల్ సెక్యూరిటీ వర్తింపజేసేలా మాతృసంస్థ పన్నుల శాఖతో స్వచ్ఛందంగా ఒప్పందం చేసుకోవచ్చు. ఒకసారి చేసుకుంటే వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. కావాలనుకునే యాజమాన్యానికి ఉపాయం ఉంది, వద్దనుకునే యాజమాన్యాన్ని నిలదీసే నిబంధన మాత్రం చాలాకాలం లేదు.

ఫిలిప్పీన్స్ 2019లో అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా చట్టం ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. విదేశీ నౌకల్లో పనిచేసే నావికుల విషయంలో, వారిని పంపే స్వదేశీ ఏజెన్సీని యజమానిగానే భావించి, చందాలకు విదేశీ యజమానితో కలిపి బాధ్యురాలిని చేసింది. కానీ నేల మీద పనిచేసే వలస ఉద్యోగుల దగ్గర ఆ ధైర్యం సన్నగిల్లింది: ద్వైపాక్షిక ఒప్పందం లేని చోట వారిని స్వయం ఉపాధి పొందేవారిలా చూసి, రెండు వాటాలూ వారి చేతే కట్టిస్తోంది. విదేశంలో ఉన్న యజమానిని పట్టుకోవడం కష్టం కాబట్టి వాటా ఉద్యోగికి చేరింది. పంపిన సంస్థ స్వదేశంలోనే ఉన్నప్పుడు ఆ సాకు నిలవదు.

ఒప్పందం లేని దేశాల మధ్య ఇబ్బంది ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పడానికి భారత్, అమెరికాల ఉదాహరణ చాలు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీకి ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు. విరమణ పింఛనుకు, చందా కట్టిన సంపాదనను బట్టి జమయ్యే క్రెడిట్లు 40 కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి కనీసం పదేళ్లు. హెచ్-1బీ వీసా సాధారణ పరిమితి ఆరేళ్లు. ఆరేళ్లు చందా కట్టి తిరిగివచ్చినవారికి అక్కడి పింఛను రాదు, కట్టిన సొమ్ము వాపసు కూడా రాదు. చట్టప్రకారం మా వాటా కట్టేశామని యజమాని చెప్పేది నిజమే. కానీ ఆ వాటా ఉద్యోగి వృద్ధాప్యానికి ఏ మాత్రం ఉపయోగపడదని పంపేముందే సంస్థకు తెలుసు. అలాంటప్పుడు స్వదేశంలోని నిధికి చందా ఆపకుండా కట్టడం దయ కాదు, పోస్టింగ్ ఖర్చులో భాగం.

చట్టమే స్వదేశపు చందాను ఆపేసే సందర్భాలూ ఉన్నాయి. బ్రిటన్ నుంచి ఒప్పందం లేని దేశానికి వెళ్లిన ఉద్యోగికి, యజమాని బ్రిటన్‌లోనే ఉంటే, మొదటి 52 వారాలు మాత్రమే నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ పింఛనుకు ఆధారమైన) చందా తప్పనిసరి. ఆ తర్వాత ఉద్యోగి కావాలనుకుంటే స్వచ్ఛందంగా కట్టుకోవాలి. ఆ ఏడాది ముగిసిన సంగతి గుర్తుచేసి, స్వచ్ఛంద చందాను తానే భరించడం యజమాని చేయదగిన పని. జపాన్‌లో మరో రకం చిక్కు ఉంది. పదేళ్లు నిండకుండా దేశం విడిచే విదేశీయులు కట్టిన చందాకు బదులుగా ఒకేసారి కొంత సొమ్ము తీసుకోవచ్చు. 2021 నుంచి ఆ లెక్కకు ఐదేళ్ల గరిష్ఠ పరిమితి ఉంది. సొమ్ము తీసుకుంటే అక్కడ పనిచేసిన కాలం రికార్డు నుంచి తుడిచిపెట్టుకుపోతుంది. స్వదేశంతో కాలాన్ని కలిపే ఒప్పందం ఉన్నవారు ఆ కాలాన్ని ఉంచుకుంటే మంచిదా, సొమ్ము తీసుకుంటే మంచిదా అన్నది లెక్క వేసి చూడవలసిన విషయం. సెలవు చెప్పే హడావుడిలో ఫారం మీద సంతకం తీసుకుని సాయం చేశామనుకునే మానవ వనరుల విభాగాలు ఆ లెక్కను కూడా ఉద్యోగి చేతిలో పెట్టాలి.

తెలియజేయడం కూడా బాధ్యతేనా అన్నది న్యాయస్థానాల ముందుకూ వచ్చింది. ఇథియోపియాలో పనిచేయడానికి వెళ్లిన బ్రిటిష్ ఉద్యోగి, అక్కడ బీమా లేకపోతే ఏమవుతుందో యజమాని ముందే చెప్పి ఉండాల్సిందని వేసిన కేసులో, అలాంటి బాధ్యత యజమానికి లేదని ఇంగ్లండ్ అప్పీలు న్యాయస్థానం తేల్చింది. కొన్నేళ్లకే, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ మరో కేసులో భిన్నమైన మాట చెప్పింది. ఉత్తర ఐర్లండ్ వైద్యులకు పింఛను పథకంలో అదనపు సంవత్సరాలు కొనుక్కునే హక్కు ఉంది. దానికి గడువు ఉంది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుకుని కుదుర్చుకున్నది కాని ఒప్పందంలో విలువైన హక్కు ఉండి, అది ఉద్యోగి తీసుకునే చర్య మీద ఆధారపడి, యజమాని చెబితే తప్ప ఉద్యోగికి తెలిసే అవకాశం లేనప్పుడు, చెప్పడం యజమాని విధి అని ఆ తీర్పు సారం. విదేశీ పోస్టింగ్‌లో స్వచ్ఛంద చందాల హక్కు సరిగ్గా ఇలాంటిదే. నన్ను అడిగితే రెండో తీర్పు తర్కమే ఇక్కడ అన్వయించాలి. 2022 ఆగస్టు నాటికి సభ్యదేశాలు అమలు చేయవలసిన ఐరోపా సమాఖ్య ఆదేశం, నాలుగు వారాలకు మించి విదేశంలో పనిచేసేవారికి ప్రయాణానికి ముందే దేశం, కాలవ్యవధి, జీతం ఏ కరెన్సీలో వంటివి రాతపూర్వకంగా చెప్పాలంటోంది. మంచి ఆరంభమే. ఆ జాబితాలో చందా లెక్కకు తీసుకునే జీతం కూడా చేరాలి.

దీనికి యాజమాన్యాలు చెప్పే అభ్యంతరాలు కొట్టిపారేయదగినవి కావు. రెండు చోట్ల చందా కడితే పోస్టింగ్ ఖర్చు పెరుగుతుంది. చిన్న సంస్థలకు అది భారమే. విదేశంలో జీతం ఎక్కువ వస్తోంది కదా, అందులోంచి ఉద్యోగే పొదుపు చేసుకోవచ్చునని మరో మాట. కానీ ఆ ఎక్కువ జీతం అక్కడి ఎక్కువ ఖర్చులకు ఇచ్చినది. పైగా చాలా పథకాల్లో యజమాని వాటా లేకుండా ఉద్యోగి ఒక్కడే చేరి కట్టుకునే వీలుండదు. ఒక హద్దు మాత్రం నేను ఒప్పుకుంటాను. తన ఇష్టంతో, తన కుటుంబ కారణాలతో మరో దేశంలో స్థిరపడి అక్కడి ఒప్పందం మీద పనిచేస్తున్న ఉద్యోగి విషయంలో స్వదేశపు సంస్థ బాధ్యత అంతటితో తీరుతుంది. అలాంటి వారిని, సంస్థ పంపగా వెళ్లినవారిని ఒకే గాటన కట్టి చూడకూడదు.

పోస్టింగ్ ఉత్తర్వులో ఉండవలసినవి నిజానికి ఎక్కువ కాదు. ఏ దేశపు వ్యవస్థలో ఎప్పటివరకు చందా కడతారో, ఏ జీతం మీద కడతారో, ఆ జీతాన్ని ఏటా ఎలా సవరిస్తారో, గడువు పొడిగిస్తే ఏం మారుతుందో రాయాలి. ఆతిథ్య దేశపు చందా పింఛనుగా మారే అవకాశం లేకపోతే దానికి బదులు సంస్థ ఏమి జమ చేస్తుందో కూడా రాయాలి. అవి రాయడానికి ఇష్టపడని సంస్థను, సంతకం పెట్టే ముందే గట్టిగా అడగడం ఉద్యోగి హక్కు.

ఇప్పటికే తిరిగివచ్చినవారి సంగతి మరింత తొందరగా చూడాలి. బ్రిటన్‌లో పాత గండ్లు పూడ్చుకోవడానికి మామూలుగా గత ఆరేళ్ల వరకే అవకాశం ఉంటుంది. ఇతర వ్యవస్థల్లోనూ ఇలాంటి గడువులు ఉన్నాయి. పాత పోస్టింగ్‌ల జీతపు రికార్డులు ఇంకా సంస్థల దగ్గర ఉన్నప్పుడే వాటిని బయటికి తీసి, ఎవరికి ఎన్ని నెలల చందా తగ్గిందో లెక్కగట్టి, ఆ కాగితాన్ని వారికి పంపాలి. పూడ్చే వీలున్న చోట ఆ సొమ్మును సంస్థే కట్టాలి.